పెద్దయ్యాక మళ్లీ హైస్కూలు: అభ్యసన సమస్యలున్నవారికి ఆన్‌లైన్ చదువులో చిక్కు ఎక్కడుంది?

హైస్కూలు మధ్యలో ఆపేసినవాళ్లు ఏళ్ల తర్వాత మళ్లీ చదువుకోవాలనుకుంటే ఇప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒకటే: "ఆన్‌లైన్‌లో చేసెయ్యండి, మీ వీలును బట్టి చదువుకోవచ్చు." డిస్లెక్సియా (తెలివి ఉన్నా అచ్చులోని మాటలు చదవడం కష్టమయ్యే సమస్య) లాంటి ఇబ్బంది ఉందని చెబితే ఆ సలహా ఇంకాస్త గట్టిగా వస్తుంది. అందరి ముందూ లేచి నిలబడి చదవక్కర్లేదు, అర్థం కాకపోతే వీడియో వెనక్కి తిప్పుకోవచ్చు, నవ్వేవాళ్లు ఉండరు. ఇదంతా నిజమే. అలా చేరినవాళ్లలో ఎంతోమంది కొన్ని వారాలకే లాగిన్ అవడం మానేస్తారు. అదీ నిజమే.

ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే బడి చేసే పనిని రెండుగా విడదీసి చూడాలి. ఒకటి, పాఠం చెప్పడం. రెండోది, విద్యార్థి రోజును పట్టి నిలబెట్టడం. ఏ గంటకు ఏ పుస్తకం తియ్యాలి, ఏది ముందు చదవాలి, రేపటికి ఏం రాసుకు రావాలి, పరీక్ష ఎప్పుడు అన్నీ బడే చూసుకుంటుంది. గంట కొట్టగానే కదిలితే చాలు. ఆన్‌లైన్ చదువు మొదటి పనిని కొన్నిసార్లు బడి కంటే బాగా చేస్తుంది. రెండో పనిని మాత్రం చడీచప్పుడు లేకుండా విద్యార్థి నెత్తిన పెట్టి తప్పుకుంటుంది. లెర్నింగ్ డిజెబిలిటీ, అంటే అభ్యసన సమస్య ఉన్న చాలామందికి పాఠం కన్నా ఈ రెండో పనే బరువు. కోర్సు ఎంచుకోవడం దగ్గర్నుంచి పరీక్ష రాయడం దాకా ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం దీన్నుంచి పుట్టేవేనని నా అభిప్రాయం.

ఈ ఇబ్బంది వయసుతో పోతుందా?

డిస్లెక్సియా అనే పేరు పెట్టింది జర్మనీలోని స్టట్‌గార్ట్ కంటి వైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్, 1887లో. ఆయన చూసినవాళ్లు మెదడు జబ్బు వల్ల చదివే శక్తి పోగొట్టుకున్న పెద్దవాళ్లు. ఏ జబ్బూ లేకుండా పుట్టుకతోనే ఈ ఇబ్బంది ఉన్న కుర్రాడి గురించి 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండ్ డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఆ కుర్రాడి పేరు పెర్సీ, వయసు 14. తెలివైనవాడు, ఆటల్లో చురుకు, లెక్కలూ బాగానే చేసేవాడు. ఏళ్ల తరబడి నేర్పినా అచ్చులో ఉన్న మాటలు మాత్రం చదవలేకపోయేవాడు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడిలో వీణ్ని మించినవాడు ఉండడని అతని మాస్టారు అన్నట్టు మోర్గన్ రాసిపెట్టాడు. ఆ మాస్టారి మాట అప్పట్లో ఒట్టి ఊహ. పేజీని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ ఉంది కాబట్టి దాన్ని పరీక్షించి చూసే వీలు మనకు దక్కింది.

లెర్నింగ్ డిజెబిలిటీస్ అనే మాటను 1963లో షికాగోలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో శామ్యూల్ కిర్క్ అనే అమెరికన్ నిపుణుడు ప్రచారంలోకి తెచ్చాడు. బడుల్లో పిల్లల్ని పరీక్షించి గుర్తించడం ఆ తర్వాత మెల్లగా మొదలైంది. ఇప్పటికీ అన్నిచోట్లా లేదు. అందుకే ఇవాళ నలభై, యాభై ఏళ్లున్నవాళ్లలో చాలామందికి చిన్నప్పుడు ఈ పేరు తెలియదు. వాళ్లకు దక్కిన పేర్లు వేరు: మొద్దు, బద్ధకస్తుడు, శ్రద్ధ లేదు, చదువు అబ్బలేదు.

మానసిక వైద్యులు సమస్యల్ని నిర్ధారించడానికి వాడే డీఎస్ఎమ్ అనే పుస్తకం ఐదో కూర్పు 2013లో వచ్చింది. చదవడం, రాయడం, లెక్కలు అనే మూడు రకాల ఇబ్బందుల్నీ అది ఒకే గొడుగు కిందికి తెచ్చింది. బడి వయసు పిల్లల్లో 5 నుంచి 15 శాతం మందికి వీటిలో ఏదో ఒకటి ఉంటుందని అంచనా వేసింది. అందులోనే ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. ఇబ్బంది చిన్నప్పుడే మొదలైనా, చదువు నుంచి వచ్చే ఒత్తిడి మనిషి శక్తిని మించేదాకా పూర్తిగా బయటపడకపోవచ్చు. టైము పెట్టి రాసే పరీక్షలు, తక్కువ గడువులో చదవాల్సిన పెద్ద పాఠాలు వచ్చేసరికి బయటపడుతుంది. ఐదో తరగతి దాకా నెట్టుకొచ్చి హైస్కూల్లో కుప్పకూలిన పిల్లల కథ చాలావరకు ఇదే.

భాషను బట్టి కూడా ఈ ఇబ్బంది రూపం మారుతుంది. ఇంగ్లీషులో అక్షరానికీ శబ్దానికీ పొంతన తక్కువ కనుక తప్పులు ఎక్కువగా కనబడతాయి. ఇటాలియన్ లాంటి, రాసినట్టే పలికే భాషల్లో డిస్లెక్సియా ఉన్న పెద్దవాళ్లు తప్పుల్లేకుండానే చదువుతారు గానీ నెమ్మదిగా చదువుతారు. 2001లో ఇటాలియన్, ఫ్రెంచ్, ఇంగ్లీషు మాట్లాడే పెద్దల్ని పోల్చి చూస్తే పైకి తేడాలున్నా మెదడు పనితీరులో లోపం ఒకేలా కనిపించింది. చదువులోకి తిరిగొచ్చేవాళ్లకు ఇందులో తెలుసుకోవాల్సింది ఉంది. ఇన్నేళ్లలో చదవడం వచ్చేసి ఉండవచ్చు. వేగం వచ్చి ఉండకపోవచ్చు. "నువ్వు బాగానే చదువుతున్నావుగా, నీకేం ప్రాబ్లం?" అనేవాళ్లకు ఈ తేడా తెలియదు. పేజీ చదవడానికి మిగతావాళ్లకు పట్టే సమయానికి రెట్టింపు పడితే, పేజీ పూర్తయ్యేసరికి పై పేరా మనసులోంచి జారిపోతుంది.

స్కాన్ చేసిన పేజీ

ఆన్‌లైన్ ఇచ్చే లాభాల్లో పెద్దది వినడం. కళ్లతో పోరాడే శక్తిని మిగుల్చుకుని అర్థం మీద పెట్టొచ్చు. రాయడం కష్టమైనవాళ్లు నోటితో చెబితే ఫోన్ టైప్ చేసిపెడుతుంది. అయితే ఇవి పనిచెయ్యాలంటే కోర్సువాళ్లు ఇచ్చే ఫైల్ సరిగ్గా ఉండాలి. పీడీఎఫ్ తెరిచి ఒక వాక్యం మీద వేలు నొక్కిపట్టి లాగండి. మాటలు విడివిడిగా రంగు మారితే అది అసలైన వాచకం. పేజీ మొత్తం ఒకే ముద్దలా రంగు మారినా, అసలు మారకపోయినా, అది పాత పుస్తకానికి తీసిన ఫొటో అని అనుమానించాలి. దాన్ని చదివి వినిపించమంటే సాఫ్ట్‌వేర్ మూగబోతుంది.

ఫొటోలోంచి అక్షరాలు లాగే ఓసీఆర్ పరికరాలు ఉన్నాయి, పనికొస్తాయి. లెక్కల పేజీ దగ్గర మాత్రం జాగ్రత్త. ఎక్స్ మీద చిన్నగా రాసిన 2, ఓసీఆర్ గుండా వెళ్లాక "ఎక్స్ 2" అయి కూర్చుంటుంది. వర్గం కాస్తా గుణకారంలా వినబడుతుంది. నిలువుగా రాసిన మూడు బై నాలుగు, 34 అయిపోవచ్చు. రెండు కాలమ్‌ల పేజీ అయితే ఎడమవైపు సగం వాక్యం, కుడివైపు సగం వాక్యం కలిపి చదివేస్తుంది. అప్పటికే తన మీద తనకు నమ్మకం తక్కువున్న విద్యార్థి ఇది విని "నాకే అర్థం కావట్లేదు" అనుకుంటాడు. అక్కడ అర్థం కావడానికి ఏమీ లేదన్న సంగతి అతనికి తట్టదు.

వెబ్‌లో పెట్టేవి అందరికీ అందేలా ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు 1999 నుంచే ఉన్నాయి. 2018లో వచ్చిన 2.1 కూర్పులో, పాఠకుడు వరుసల మధ్య, అక్షరాల మధ్య ఎడం పెంచుకున్నా పేజీ చెదిరిపోకూడదన్న నిబంధన చేర్చారు. అక్షరాల మధ్య ఎడం చిన్న సంగతిలా అనిపిస్తుంది గానీ, డిస్లెక్సియా ఉన్న ఇటాలియన్, ఫ్రెంచ్ పిల్లల మీద 2012లో జరిగిన పరిశోధనలో ఎడం పెంచగానే చదవడం మెరుగైంది. డిస్లెక్సియా కోసమే తయారుచేశామంటూ వచ్చే ప్రత్యేక ఫాంట్లకు ఇంత ఆధారం దొరకలేదు. ఇష్టమైతే వాడుకోవచ్చు, డబ్బు పెట్టి కొనాల్సినంత ఏమీ లేదు.

చేరేముందే నమూనా పాఠం ఒకటి అడిగి తీసుకుని ఈ పరీక్షలన్నీ చేసి చూడటం మంచిది. నమూనా ఇవ్వని కోర్సును నేనైతే నమ్మను.

"మీ వీలును బట్టి" అన్న మాటలో ఉన్న ఉచ్చు

ఇక రెండో పని. సోమవారం రాత్రి లాగిన్ అయిన మనిషి ముందు తెర మీద ఏముంటుందో చూడండి. పైన మూడు ప్రకటనలు, ఒకటి పాతది. ఎడమవైపు పన్నెండు యూనిట్ల జాబితా. మూడో యూనిట్‌లో రెండు వీడియోలు, ఒక పీడీఎఫ్, ఒక క్విజ్, చర్చలో రాయాల్సిన పోస్టు ఒకటి. క్విజ్‌కు గురువారం గడువు. పోస్టుకు బుధవారమే గడువు, కానీ అది లోపలికి వెళ్లి చూస్తేగానీ కనబడదు. రెండో యూనిట్ అసైన్‌మెంట్ వెనక్కి వచ్చింది, దిద్దుకుని మళ్లీ పంపాలి. చదువు ఇంకా మొదలవలేదు. ఏది మొదలుపెట్టాలో తేల్చుకోవడానికే ఓపిక సగం ఖర్చవుతుంది.

అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకుని పనిచేసే జ్ఞాపకాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. అందులో ఏడు అటూ ఇటూగా అంశాలు పడతాయని 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వవేత్త అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కను సుమారు నాలుగుకు దించాడు. అది మామూలు పెద్దవాళ్ల సంగతి. అభ్యసన సమస్యలున్న చాలామందిలో ఈ చోటు ఇంకా ఇరుకు. ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపడం, కుదురుగా ఉండటం కష్టమయ్యే స్థితి) వేరే సమస్య అయినా తరచూ వీటితో జంటగానే ఉంటుంది, అప్పుడు టైమును అంచనా వెయ్యడం, పని మొదలుపెట్టడం కూడా కష్టమవుతాయి. ఇలాంటి మనిషికి "గడువులే లేవు, ఏడాదిలో ఎప్పుడైనా పూర్తి చేసుకోండి" అని చెప్పడం దయలా కనిపిస్తుంది. ఆచరణలో అది పదకొండు నెలలు ఏమీ జరగని కోర్సు.

అందుకే నా సలహా మామూలుగా వినబడేదానికి అడ్డంగా ఉంటుంది. పూర్తి స్వేచ్ఛ ఇచ్చే కోర్సు కంటే, వారం వారం గడువులుండి, అడిగితే వాటిని రెండు మూడు రోజులు జరిపే కోర్సు మేలు. రికార్డు చేసిన వీడియోలు ఎంత అందంగా ఉన్నా, వారానికి ఒకసారైనా పేరు పెట్టి పలకరించే టీచరు ఉన్న కోర్సు ముందు అవి దిగదుడుపే. "ప్రశ్న పంపితే ఎంతసేపట్లో, ఎవరు జవాబిస్తారు?" అని చేరేముందే అడగాలి. జవాబు నసిగితే అర్థం చేసుకోవచ్చు.

మిగిలింది ఇంట్లో చేసుకోవాలి. తలలో ఉంచుకోవాల్సిన ప్రతిదాన్నీ బయట పెట్టడమే అక్కడ సూత్రం. వారం మొదట్లో అరగంట కేవలం తెర మీద ఉన్నవన్నీ వెతికి గడువులతో సహా ఒక కాగితం మీదికి ఎక్కించడానికి పెట్టుకోవాలి. ఆ అరగంటలో పాఠం ముట్టుకోకూడదు. మూడు యాప్‌లు, రెండు నోటు పుస్తకాలు పెట్టుకుంటే వాటిని వెతుక్కోవడం ఇంకో సబ్జెక్టు అవుతుంది, ఒకటే చాలు. "రోజూ గంట చదువుతాను" అనే సంకల్పం కంటే "రాత్రి గిన్నెలు కడిగి రాగానే ఈ కుర్చీలో కూర్చుని మూడో యూనిట్ తెరుస్తాను" అనేది ఎక్కువ నిలబడుతుంది. ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను అని ముందే కట్టుకున్న ప్లాన్లు ఎందుకు పనిచేస్తాయో పీటర్ గోల్విట్సర్ అనే మనస్తత్వవేత్త 1999 నాటి వ్యాసంలో వివరించాడు. తోడుగా ఒక మనిషి ఉంటే ఇంకా మంచిది. పాఠం చెప్పనక్కర్లేదు. "ఈ వారం కాగితం చూపించు" అని ఆదివారం అడిగితే చాలు. భార్యో భర్తో అయితే ఒక్కోసారి అది పోట్లాటకు దారి తీస్తుంది, స్నేహితులు నయం.

ఏ దారి, ఏ కాగితం

హైస్కూలు పూర్తి చేశానని చూపించుకోవడానికి పెద్దవాళ్లకు మామూలుగా రెండు దారులుంటాయి. ఒకటి, సబ్జెక్టు తర్వాత సబ్జెక్టు చదువుతూ మార్కులో క్రెడిట్లో పోగేసుకునే కోర్సు. రెండోది, నేరుగా సమాన స్థాయి పరీక్ష రాసేయడం. రెండో రకానికి పేరున్న ఉదాహరణ అమెరికాలోని జీఈడీ. చదువు సగంలో వదిలి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లిన సైనికుల కోసం 1942లో దాన్ని మొదలుపెట్టారు. పరీక్ష దారి పొట్టిది, చవక. కానీ అందులో అంతా ఒక్క పరీక్ష రోజు మీదే ఆధారపడుతుంది, నెమ్మదిగా చదివేవాళ్లకు అదే గండం. కోర్సు దారి పొడుగు. అందులో అసైన్‌మెంట్లకు, ప్రాజెక్టులకు మార్కులుంటాయి కాబట్టి పరీక్ష ఒత్తిడి పంచుకుపోతుంది. మాట్లాడగలిగి రాయలేనివాళ్లకు, విషయం తెలిసి టైము చాలనివాళ్లకు కోర్సు దారి నప్పుతుంది. ఉద్యోగంలో ఏళ్ల తరబడి లెక్కలూ కాగితాలూ చూసి, ఒక్క సర్టిఫికెట్ లేక ఆగిపోయినవాళ్లకు పరీక్ష దారి సరిపోవచ్చు.

పాత బడిలో పాసైన సబ్జెక్టులేమైనా లెక్కలోకి వస్తాయేమో అడగడం చాలామంది మరిచిపోతారు. వస్తే ఏడాది కలిసిరావచ్చు.

మోసాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. "మీ జీవితానుభవానికే సర్టిఫికెట్" అంటూ రెండు వారాల్లో పట్టా చేతికిచ్చే సంస్థలు అభ్యసన సమస్యలున్నవాళ్ల అలసట మీదే బతుకుతాయి. ఆ సర్టిఫికెట్ ఎక్కడ చూపించాలనుకుంటున్నారో, ఆ కాలేజీనో ఉద్యోగమిచ్చేవాళ్లనో ముందుగా అడిగి, చెల్లుతుందని రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ఫీజు కట్టాలి.

కాగితాల్లో రెండో రకం, ఇబ్బంది ఉందని తెలిపే నిర్ధారణ పత్రం. అదనపు సమయం, ప్రశ్నపత్రం చదివిపెట్టే మనిషి లేదా సాఫ్ట్‌వేర్, జవాబు రాసిపెట్టే సహాయకుడు, విడిగా నిశ్శబ్దంగా ఉన్న గది లాంటి సదుపాయాలు దాదాపు ఎక్కడైనా దీన్నిబట్టే ఇస్తారు. ఐక్యరాజ్య సమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 24వ అధికరణం వయోజన విద్యకూ జీవితాంతం సాగే చదువుకూ ఈ హక్కును స్పష్టంగా వర్తింపజేసింది. హక్కు ఉంది. కాగితం లేకపోతే అది కదలదు.

పెద్దవాళ్లకు పరీక్షలు చేసి నిర్ధారించే నిపుణులు పిల్లలకున్నంత మంది ఉండరు, ఫీజూ ఎక్కువే. ఇక్కడ డీఎస్ఎమ్-5లోని ఒక వెసులుబాటు పనికొస్తుంది. 17 ఏళ్లు, ఆపైబడినవాళ్ల విషయంలో, చదువులో ఇబ్బంది పడినట్టు పాత రికార్డుల్లో ఆధారం ఉంటే ప్రామాణిక పరీక్షలకు బదులు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని అందులో ఉంది. పెట్టె అడుగున పడి ఉన్న పాత ప్రోగ్రెస్ కార్డు, "నోటితో బాగా చెబుతాడు, రాతలో వెనకబడ్డాడు" అని టీచరు ఎర్ర సిరాతో రాసిన వాక్యం, ఒకే తరగతి రెండుసార్లు చదివినట్టున్న సర్టిఫికెట్, ఏవీ పారెయ్యకండి. సిగ్గుతో దాచిపెట్టిన కాగితాలే ఇప్పుడు సాక్ష్యాలు. వాటిని ఒప్పుకుంటారా లేదా అన్నది మాత్రం పరీక్ష పెట్టే సంస్థ నియమాన్నిబట్టి ఉంటుంది. అడిగి తెలుసుకోవాలి.

సదుపాయాలకూ సడలింపులకూ తేడా ఉంది. ఒకటే ప్రశ్నపత్రం, ఒకటే పాఠ్యాంశం ఉంచి రాసే పద్ధతిని మారిస్తే అది సదుపాయం. పాఠ్యాంశాన్నే తగ్గిస్తే అది సడలింపు. సదుపాయాలతో పాసైన సర్టిఫికెట్‌కు విలువ తగ్గదు. సడలింపుతో ఇచ్చే సర్టిఫికెట్ కొన్నిచోట్ల వేరే రకంగా ఉంటుంది, పై చదువుకు పనికిరాకపోవచ్చు. "మీకు సులువు చేస్తాం" అన్నప్పుడు ఈ రెండింటిలో ఏది చేస్తున్నారో తేల్చుకోవాలి.

ఎక్కువమంది దెబ్బతినేది మరోచోట. కోర్సు నడిపేవాళ్లు ఒకరు, చివరి పరీక్ష పెట్టేవాళ్లు మరొకరు అయినప్పుడు, కోర్సులో వచ్చిన అదనపు సమయం పరీక్షలో దానంతటదే రాదు. విడిగా, నెలల ముందు దరఖాస్తు పెట్టాలి. ఇంకా లోతుకు వెళితే, కోర్సులోపల కూడా టీచరు "సరే" అన్నంత మాత్రాన క్విజ్‌లో గడియారం ఆగదు. సాఫ్ట్‌వేర్‌లో మీ పేరు మీద ఎవరో ఒకరు సెట్టింగ్ మార్చాలి, లేకపోతే 20 నిమిషాలు కాగానే క్విజ్ తనంతట తానే ముగిసిపోతుంది. మార్కులు లేని నమూనా క్విజ్‌లో ఆ సెట్టింగ్ పడిందో లేదో ముందే చూసుకోవడం తేలిక.

ఇంటి నుంచి రాసే పరీక్షలకు కెమెరా నిఘా ఉంటే ఇంకో తలనొప్పి. ప్రశ్నను పెదవులు కదిపి చదువుకోవడం, ఆలోచిస్తూ గోడవైపు చూడటం, సీట్లో కదలడం డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు మామూలే. ఆ నిఘా సాఫ్ట్‌వేర్‌కు ఇవి అనుమానపు చేష్టల్లా కనబడవచ్చు. సదుపాయాల దరఖాస్తులోనే "పైకి చదువుకోవడానికి అనుమతి" అని ఒక వాక్యం రాయించుకుంటే తర్వాత సంజాయిషీ ఇచ్చుకునే పని తప్పుతుంది.

లెక్కల దగ్గర

తిరిగొచ్చినవాళ్లను ఎక్కువగా భయపెట్టే సబ్జెక్టు లెక్కలు. అంకెల విషయంలోనే ఉండే ఇబ్బందిని డిస్కాల్క్యులియా అంటారు. దాన్ని విడిగా గుర్తించి 1974లో వివరించినవాడు చెకొస్లొవాకియా పరిశోధకుడు లాడిస్లావ్ కోష్చ్. అయితే లెక్కలు రాని ప్రతివాళ్లకూ డిస్కాల్క్యులియా ఉండదు. కొందరికి చదవడమే అడ్డు, కొందరికి చోటు చాలని వర్కింగ్ మెమరీ, కొందరికి భయం, కొందరికి మధ్యలో తప్పిపోయిన పాఠాలు. నలుగురికీ మందు ఒకటే కాదు. ఎక్కడ తెగుతోందో చూడాలి.

ఈ లెక్క తీసుకోండి: ట్యాంకులో 240 లీటర్ల నీళ్లున్నాయి. నిమిషానికి 8 లీటర్లు బయటికి పోతున్నాయి, 3 లీటర్లు లోపలికి వస్తున్నాయి. ట్యాంకు సగానికి రావడానికి ఎంతసేపు పడుతుంది? దీనికి తెలియాల్సిన గణితం కొంచెమే. నిమిషానికి నికరంగా 5 లీటర్లు తగ్గుతాయి, సగం అంటే 120, 120ని 5తో భాగిస్తే 24 నిమిషాలు. కానీ ఇది చేసేటప్పుడు 240, 8, 3 అనే మూడు సంఖ్యలూ, ఏది పోతోంది ఏది వస్తోంది అన్నదీ, అడిగింది సగం గురించి అన్నదీ ఒకేసారి పట్టి ఉంచాలి. ఎక్కం గుర్తులేని మనిషి 120లో ఎన్ని అయిదులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఉండగా, ఆ 120 పోవాల్సిన నీళ్లా మిగలాల్సిన నీళ్లా అన్నది జారిపోతుంది. ఈ లెక్కలో రెండూ ఒకటే కాబట్టి జవాబు తప్పు కాదు. ట్యాంకు పావు వంతుకు రావాలని అడిగి ఉంటే మునిగేవాడు.

మందు చాలా సాదా. వాక్యానికి ఒక వరుస చొప్పున కాగితం మీద రాసుకోవడం, పోయేదాని పక్కన కిందికి బాణం, వచ్చేదాని పక్కన పైకి బాణం, డబ్బా బొమ్మ గీసి సగం దగ్గర గీత. పక్కనే ఎక్కాల కాగితం, అనుమతి ఉంటే క్యాలిక్యులేటర్. ఆన్‌లైన్ కోర్సుల్లో లెక్కలు కూడా తెర మీదే చేయించడం వల్ల ఈ కాగితం పని మాయమవుతుంది. అందుకని తెర పక్కన కాగితం పెట్టుకునే కూర్చోవాలి, తుది జవాబు మాత్రమే టైప్ చెయ్యాలి.

తప్పిపోయిన పాఠాల సంగతి ఇంకొంచెం సున్నితం. బీజగణితం దగ్గర ఆగిపోయినవాళ్లలో చాలామందికి అసలు చిక్కు భిన్నాల్లో ఉంటుంది. నలభై ఏళ్ల మనిషికి ఐదో తరగతి భిన్నాలు తెరవడానికి మనసొప్పదు. ఎవరూ చూడని ఆన్‌లైన్ చదువు ఇక్కడ నిజంగా వరం. నెలరోజులు కిందికి దిగి వస్తే పైన మూడు నెలలు కలిసొస్తాయి. చేరేముందు పెట్టే స్థాయి పరీక్షలో పక్కవాళ్ల సాయం తీసుకుంటే ఈ అవకాశం పోతుంది. కోర్సు మిమ్మల్ని పై మెట్టు మీద దింపేస్తుంది.

ఎలా చదవాలి

రంగు పెన్నుతో గీతలు గీస్తూ మళ్లీ మళ్లీ చదవడం కష్టపడుతున్నామన్న తృప్తినిస్తుంది. 2013లో జాన్ డన్లోస్కీ బృందం పది రకాల చదివే పద్ధతుల మీద పరిశోధనలన్నీ కూడగట్టి చూస్తే, ఈ రెండూ అడుగు వరుసలో తేలాయి. పైన నిలిచినవి, పుస్తకం మూసి తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద ఎడం ఎడంగా పరచడం. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. రెండు రోజులకు, వారానికి అడిగితే పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవాళ్లు ముందుకొచ్చారు. ఒక్కో పేజీకీ రెట్టింపు సమయం పెట్టేవాళ్లకు ఇది ఇంకా విలువైన మాట. మళ్లీ చదవడం వాళ్లకు అందరికన్నా ఖరీదైన పద్ధతి. ఒకసారి విని, పుస్తకం మూసి, గుర్తున్నది ఫోన్‌లో నోటితో రికార్డు చేసుకుని, తప్పినచోటు మాత్రమే తిరిగి వినడం చాలా చవక.

"మీరు చూసి నేర్చుకునే రకం", "మీరు విని నేర్చుకునే రకం" అని చెప్పే పరీక్షలు ఇలాంటి విద్యార్థులకే ఎక్కువగా అంటగడతారు. ఆ రకాలనుబట్టి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్, ఇంకొందరు మనస్తత్వవేత్తలు తేల్చారు. డిస్లెక్సియా ఉన్న మనిషి వింటున్నాడంటే అతను విని నేర్చుకునే రకమని కాదు. చదవడంలో అడ్డు ఉంది కనుక వింటున్నాడు, అంతే. బొమ్మ గీస్తే తేలే చోట అతను కూడా బొమ్మే గీయాలి.

మొదటి విడతలో ఎన్ని సబ్జెక్టులు?

ఒకటి. నియమాలు ఒప్పుకోకపోతే రెండు. ఇన్నేళ్లు పోయాయి కదా అన్న ఆత్రంలో నాలుగు తీసుకోవడం మామూలుగా జరిగేదే. నాలుగు సబ్జెక్టులంటే నాలుగు తెరలు, నాలుగు రకాల గడువులు, మళ్లీ అదే రెండో పని నాలుగింతలు. మొదటి విడతలో నేర్చుకోవాల్సింది సబ్జెక్టు కంటే ఎక్కువగా ఆ తెరతో ఎలా కాపురం చెయ్యాలన్నది. అందుకని కొంచెం ఇష్టమున్న సబ్జెక్టుతో మొదలుపెట్టడం మేలు. లెక్కలంటే భయమున్నవాళ్లు లెక్కలు చివరికి నెట్టకుండా, రెండో విడతలో పెట్టుకుంటే అప్పటికి పద్ధతి కుదిరి ఉంటుంది.

చాలా కోర్సుల్లో సబ్జెక్టు వదులుకోవడానికి ఒక తేదీ ఉంటుంది. ఆ లోపు వదిలితే రికార్డులో ఫెయిలని పడదు, కొన్నిచోట్ల ఫీజులో కొంత వెనక్కి వస్తుంది. దాటాక లాగిన్ అవడం మానేస్తే మాత్రం అది ఫెయిల్ కిందే నమోదవుతుంది. పాత బడి రికార్డులో అలాంటి అక్షరాలు ఇప్పటికే ఉన్న మనిషికి కొత్తది ఇంకొకటి చేరితే మళ్లీ దరఖాస్తు పెట్టే ధైర్యం మిగలడం కష్టం. కనుక చేరిన రోజే ఆ తేదీ కనుక్కుని వారం కాగితం పైభాగాన రాసుకోవాలి. దానికి వారం ముందు రోజును కూడా గుర్తుపెట్టుకుని, సదుపాయాలు నిజంగా అందుతున్నాయా, టీచరు జవాబిస్తున్నాడా, గడువులు ఎన్ని తప్పాయి అన్నవి ఆ రోజు తోడున్న మనిషితో కూర్చుని చూసుకోవాలి. అందట్లేదని తేలితే కోర్సువాళ్లకు అప్పుడే రాయాలి, రెండు మూడు రోజుల్లో కదలిక లేకపోతే గడువు లోపలే వదిలి వేరేచోట చేరాలి.